పాస్‌పోర్టు ఎవరి దయ? – కోకా సుబ్బారావు గారి తీర్పులు, వాటి వెనక కథ

(ఆదివారం పొద్దున మన కమ్యూనిటీ రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం ఇది. మాట్లాడిన తీరు మార్చలేదు, తడబాట్లు మాత్రం సరిచేశాం. చివర్లో శ్రోతలు ఫోన్ చేసి అడిగిన మూడు ప్రశ్నలు, వాటి జవాబులు కూడా ఉన్నాయి.)

కాఫీలు అయ్యాయనుకుంటాను. డాలస్‌లో పొద్దున్నే వింటున్నవాళ్ళకీ, సాయంత్రం పూట దుబాయ్, కువైట్‌ల నుంచి నెట్‌లో వింటున్నవాళ్ళకీ ముందుగా ఒక మాట చెప్పాలి. నేను లాయర్ని కాను. పగలంతా బ్యాంకుల డేటాబేసులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి పెట్టే కన్సల్టెంటుని. చదివింది కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్. మరి కోర్టు తీర్పుల గురించి మాట్లాడటానికి నీకేం పని అంటే, దానికో చిన్న కథ ఉంది.

2019 వేసవిలో గుంటూరులో మా అమ్మకి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. అప్పటికి నా పాస్‌పోర్టు రెన్యూవల్‌కి పంపి ఏడు వారాలైంది. పోలీసు వెరిఫికేషన్‌కి వెళ్ళిన కానిస్టేబులు మేము ఎప్పుడో అమ్మేసిన పాత ఇంటికి వెళ్ళి, ఈ చిరునామాలో ఎవరూ లేరని రాసుకొచ్చాడు. అక్కడ ఫైలు ఆగిపోయింది. నేను రోజూ ఫోన్లు. ఒకరోజు ఎట్టకేలకు లైన్లోకి వచ్చిన ఉద్యోగి చాలా శాంతంగానే చెప్పాడు: "పాస్‌పోర్టు అనేది మీ హక్కు కాదండీ, గవర్నమెంటు ఇచ్చే సౌకర్యం. వచ్చినప్పుడు వస్తుంది." నేను వాదించలేదు. సార్ సార్ అని బతిమాలుకున్నాను. పదకొండో వారంలో పాస్‌పోర్టు వచ్చింది. అప్పటికి ఆపరేషన్ అయిపోయింది, అమ్మ ఇంటికి కూడా వచ్చేసింది. అక్కయ్య దగ్గరుండి అన్నీ చూసుకుంది. అమ్మ ఇప్పుడు బాగానే ఉంది, ఈ ప్రోగ్రాం కూడా వింటూ ఉంటుంది.

కానీ ఆయన అన్న ఆ ఒక్క వాక్యం నా బుర్రలో ఉండిపోయింది. నిజంగానే హక్కు కాదా? ఆ చలికాలంలో రాత్రిళ్ళు కూర్చుని సుప్రీంకోర్టు తీర్పులు చదవడం మొదలుపెట్టాను. చదివితే తెలిసింది, ఆయన చెప్పింది తప్పు. 1967 ఏప్రిల్ 10 నుంచీ తప్పు. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఆ రోజు తీర్పు చెప్పిన పెద్దమనిషి మన రాజమండ్రిలో పుట్టినవాడు.

ముందు 1967కి వెనక పరిస్థితి ఎలా ఉండేదో చూద్దాం. అప్పటికి మన దేశంలో పాస్‌పోర్టుల జారీకి ఒక చట్టమంటూ లేదు. 1920 నాటి ఒక బ్రిటిష్ చట్టం ఉండేది కానీ అది దేశంలోకి వచ్చేవాళ్ళ గురించి. బయటికి వెళ్ళేవాళ్ళకి పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా, ఇచ్చింది వెనక్కి తీసుకోవాలా అన్నది పూర్తిగా ఆఫీసరు ఇష్టం. ఎందుకు ఇవ్వలేదని అడిగే దారి లేదు, ఏ రూలు ప్రకారం అని అడుగుదామంటే రూలే లేదు.

సత్వంత్ సింగ్ సాహ్నీ అని ఢిల్లీలో ఒక వ్యాపారి. మోటారు విడిభాగాలూ ఇంజనీరింగు సామానూ ఎగుమతి, దిగుమతి చేసేవాడు. పని మీద తరచూ విదేశాలు తిరిగేవాడు. దిగుమతి లైసెన్సుల విషయంలో ఆయన మీద విచారణ నడుస్తోందని, పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చెయ్యమని 1966లో అసిస్టెంటు పాస్‌పోర్టు ఆఫీసరు ఉత్తరం రాశాడు. ఆయన సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. ప్రభుత్వం తరఫు వాదన ఇలా సాగింది: పాస్‌పోర్టు అంటే మా పౌరుణ్ణి కాస్త చూసుకోండని పరాయి ప్రభుత్వాలకి మేము రాసే కాగితం, రాయడం రాయకపోవడం మా ఇష్టం, ఎవరి ప్రయాణాన్నీ మేము ఆపడం లేదు కదా. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కాగితం లేకపోతే ఏ విమానం వాడూ ఎక్కించుకోడు, ఏ ఓడ వాడూ టికెట్ ఇవ్వడు. కాగితం ఆపడమంటే మనిషిని ఆపడమే. కోర్టు సరిగ్గా ఈ మాటే పట్టుకుంది.

ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. మెజారిటీ తీర్పు రాసింది అప్పటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. విదేశాలకు వెళ్ళడం రాజ్యాంగం 21వ ఆర్టికల్‌లో చెప్పిన వ్యక్తిగత స్వేచ్ఛలో భాగం. దాన్ని హరించాలంటే చట్టం ఉండాలి. చట్టమే లేనప్పుడు ఆఫీసరు ఉత్తరం చెల్లదు. ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకుండా ఉండే హద్దులేని అధికారం 14వ ఆర్టికల్‌కి, అంటే సమానత్వానికి కూడా విరుద్ధం. విభేదించినవాళ్ళు హిదయతుల్లా గారు, బచావత్ గారు. వాళ్ళూ చిన్నవాళ్ళేం కాదు. హిదయతుల్లా తర్వాత ప్రధాన న్యాయమూర్తీ, ఉపరాష్ట్రపతీ అయ్యారు. బచావత్ అంటే మనకి వేరే సంగతి గుర్తొస్తుంది, కృష్ణా నీళ్ళ పంపకాల ట్రైబ్యునల్ ఆయనదే.

ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్ళకి ఆసక్తిగా ఉండే సంగతి ఒకటి. సుబ్బారావు గారు ఆ తీర్పులో అమెరికన్ కేసులు కూడా చూశారు. వాటిలో ఒకటి 1958 నాటి కెంట్ వర్సెస్ డల్లెస్. రాక్‌వెల్ కెంట్ అని ఒక చిత్రకారుడు. కమ్యూనిస్టన్న అనుమానంతో స్టేట్ డిపార్టుమెంటు ఆయనకి పాస్‌పోర్టు ఇవ్వలేదు. అమెరికా సుప్రీంకోర్టులో ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ప్రయాణం చేసే హక్కు స్వేచ్ఛలో భాగం, నమ్మకాలను బట్టి పాస్‌పోర్టు ఆపే అధికారం కాంగ్రెస్ మీకు ఇవ్వలేదు అని కెంట్ వైపు తీర్పు చెప్పారు. అంటే ఈ ప్రశ్న అక్కడా ఇక్కడా ఇంచుమించు ఒకే కాలంలో వచ్చింది.

సుబ్బారావు గారి గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే మన పిల్లల్ని అడిగితే అమెరికన్ జడ్జీల పేర్లు నాలుగు చెబుతారు కానీ ఈ పేరు చెప్పలేరు. వాళ్ళననేముంది, 2019 దాకా నేనూ చెప్పలేను. 1902లో పుట్టారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954లో హైకోర్టు గుంటూరులో పెట్టారు. కర్నూలు రాజధాని, గుంటూరు హైకోర్టు, అదీ అప్పటి ఒప్పందం. ఆ హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి ఈయనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదుకి మారింది. మా తాతయ్య గుంటూరులో హైకోర్టు ఉన్న రోజుల గురించి చెబుతూ ఉంటే మేము వినకుండా పారిపోయేవాళ్ళం. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు. 1958లో సుబ్బారావు గారు సుప్రీంకోర్టుకి వెళ్ళారు, 1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఆయన గొప్పతనం అర్థం కావాలంటే 1950కి వెళ్ళాలి. మన రాజ్యాంగం రాసేటప్పుడు ఒక చిన్న మాట మీద పెద్ద చర్చ జరిగింది. అమెరికా రాజ్యాంగంలో డ్యూ ప్రాసెస్ అన్న మాట ఉంది. ప్రభుత్వం చేసిన పద్ధతి న్యాయంగా ఉందా లేదా అని కోర్టులు తూకం వేయడానికి అది దారి. మనం కూడా పెట్టుకుందామనుకున్నారు. ఈలోపు రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు గారు 1947లో అమెరికా వచ్చి, ఇక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిశారు. ఆ మాట జోలికి పోవద్దు, జడ్జీల చేతికి మరీ ఎక్కువ అధికారం వెళ్తుంది అని ఆయన సలహా. చివరికి మన 21వ ఆర్టికల్‌లోకి డ్యూ ప్రాసెస్ రాలేదు, "చట్టం నిర్దేశించిన పద్ధతి" అన్న మాట వచ్చింది. అంటే చట్టం ఉంటే చాలు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది చూడక్కర్లేదు. అలా చదివితే అలాగే ఉంటుంది మరి.

1950లో కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ మద్రాసు జైల్లో, విచారణ లేకుండా ముందస్తు నిర్బంధంలో ఉన్నాడు. ఆయన కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ అలాగే చదివింది. పార్లమెంటు చట్టం చేసింది, దాని ప్రకారమే లోపల పెట్టారు, ఇక మేము చూడాల్సిందేముంది అంది. ఫజల్ అలీ గారొక్కరే, పద్ధతి అంటే కనీసం మనిషి చెప్పేది వినే పద్ధతి అయినా ఉండొద్దా అని విభేదించారు.

ఇక 1962. ఖరక్ సింగ్ అని ఉత్తరప్రదేశ్‌లో ఒకతను. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేదని వదిలేశారు. కానీ పోలీసు స్టేషన్లో అతని పేరు మీద హిస్టరీ షీటు తెరిచారు. మన ఊళ్ళో రౌడీ షీటు అంటాం చూడండి, ఆ తరహా. ఇక అక్కణ్ణుంచి రాత్రిపూట తలుపు కొట్టడం, ఊళ్ళో ఉన్నాడా లేడా అని చూడటం, ఎవరింటికి వెళ్తున్నాడు, ఎవరొస్తున్నారు అని కనిపెట్టడం. పొరుగూరు వెళ్ళాలన్నా చౌకీదారుకి చెప్పాలి. ఏ కోర్టూ అతనికి శిక్ష వెయ్యలేదన్నది గుర్తుపెట్టుకోండి. ఆరుగురు జడ్జీలు విన్నారు. రాత్రిపూట ఇంట్లోకి రావడం తప్పు, మిగతా నిఘా ఫరవాలేదు, మన రాజ్యాంగంలో ప్రైవసీ అన్న హక్కే లేదు అని మెజారిటీ.

సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. షా గారు ఆయనతో కలిశారు. మొత్తం నిఘా రూలే కొట్టెయ్యాలి అన్నారు. ఆయన వాదన నాకు చాలా ఇష్టం. వెనక పోలీసు నీడలా వస్తూ ఉంటే కాళ్ళకి సంకెళ్ళు లేవు కదా, తిరుగుతూనే ఉన్నాడు కదా అనడం కుదరదు, అలా తిరగడం స్వేచ్ఛగా తిరగడం కాదు అని. ప్రైవసీ అన్న మాట రాజ్యాంగంలో రాసి లేకపోవచ్చు, కానీ అది లేనిదే వ్యక్తిగత స్వేచ్ఛ అన్న మాటకి అర్థమే లేదన్నారు. అది ఓడిపోయిన అభిప్రాయం. చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. మా భాషలో చెప్పాలంటే ప్రోగ్రాంలో రాసిన కామెంటు లాంటిది, రన్ అవదు కానీ చదివేవాడికి కనిపిస్తూ ఉంటుంది. ఈ కామెంటు దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన పేరు ఎక్కువ వినిపించేది పాస్‌పోర్టు కేసులో కాదు, గోలక్‌నాథ్ కేసులో. 1967 ఫిబ్రవరి 27న, ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు. ప్రాథమిక హక్కుల్ని తగ్గించేలా పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించలేదని తీర్పు. ఆ కేసు పుట్టింది పంజాబులో ఒక పెద్ద భూస్వామి కుటుంబం పొలాల దగ్గర. భూసంస్కరణలు అప్పుడప్పుడే మొదలవుతున్న దేశంలో ఆస్తి హక్కుకి అంత కంచె కట్టడం సరైందని నేననుకోను. ఆస్తి ఉన్నవాళ్ళ జడ్జి అని ఆయన్ని తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. 1973లో కేశవానంద భారతి కేసులో ఆ తీర్పుని పక్కన పెట్టి, రాజ్యాంగాన్ని సవరించవచ్చు కానీ దాని మౌలిక స్వరూపాన్ని మార్చకూడదు అన్నారు. దానికి దారి వేసింది గోలక్‌నాథేనని చాలామంది అంటారు. అది వేరే ఆదివారం మాట్లాడుకోవాల్సినంత పెద్ద కథ.

ఇంకో సంగతి కూడా నాకు మింగుడు పడలేదు. పాస్‌పోర్టు తీర్పు ఏప్రిల్ 10న చెప్పారా, మర్నాడు, ఏప్రిల్ 11న ఆయన పదవి వదిలేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. జాకిర్ హుసేన్ గారు గెలిచారు. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలోంచి లేచి నేరుగా ఎన్నికల్లోకి వెళ్ళడం బాగుందా? నాకైతే బాగాలేదు. కానీ మనలో ఎంతమంది ఇంటికి వెళ్ళగలుగుతున్నారో దానికి కారణమైన తీర్పుల్లో ఒకటి ఆయన ఆఫీసులో కూర్చున్న చివరి గంటల్లో వచ్చిందన్నది మాత్రం నిజం.

తీర్పు రాగానే ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చట్టం లేదన్నారు కదా, చేసేద్దాం అని మే నెలలో ఆర్డినెన్సు తెచ్చి, జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం చేసింది. ఇప్పటికీ మన నీలిరంగు పుస్తకం ఆ 1967 చట్టం కిందే వస్తోంది. ఏ కారణాల మీద ఇవ్వకపోవచ్చు, ఏ కారణాల మీద వెనక్కి తీసుకోవచ్చు, కారణాలు కాగితం మీద రాయాలి, అప్పీలుకి వెళ్ళొచ్చు అన్నవన్నీ అందులో ఉన్నాయి. కానీ 10వ సెక్షన్‌లో ఒక తలుపు సగం తెరిచే ఉంచారు. ప్రజాప్రయోజనం కోసం అనిపిస్తే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవచ్చు, ప్రజాప్రయోజనం కోసమే అయితే కారణం చెప్పకపోవచ్చు. పదేళ్ళ తర్వాత ఆ తలుపులోంచే తగాదా వచ్చింది.

మధ్యలో ఎమర్జెన్సీ. అది చెప్పకుండా ముందుకి వెళ్ళలేం. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో, ఎమర్జెన్సీలో మనిషిని అక్రమంగా జైల్లో పెట్టినా హెబియస్ కార్పస్ అడిగే హక్కు లేదని నలుగురు జడ్జీలు చెప్పారు. హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే కాదన్నారు. దాని ఖరీదుగా, తర్వాతి జనవరిలో ఆయనకి రావాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి వెనకున్న బేగ్ గారికి వెళ్ళింది. ఆ తీర్పు వచ్చిన ఎనిమిదో రోజున, 1976 మే 6న సుబ్బారావు గారు పోయారు.

ఎన్నికలయ్యాయి, జనతా ప్రభుత్వం వచ్చింది. 1977 జూలైలో మేనకా గాంధీకి ఉత్తరం వచ్చింది, ప్రజాప్రయోజనం దృష్ట్యా మీ పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుంటున్నాం, ఏడు రోజుల్లో అప్పగించండి అని. ఆవిడ సంజయ్ గాంధీ భార్య, అప్పుడు పత్రిక నడుపుతున్నారు. కారణాలు చెప్పమంటే, ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పం అన్నారు. విచారణ కమిషన్ ముందు ఆవిడ అవసరం పడొచ్చు అన్న సంగతి కోర్టుకి వెళ్ళాకే బయటికొచ్చింది. ఎమర్జెన్సీలో వేలమందిని కారణం చెప్పకుండా లోపల పెట్టిన ఇంటి కోడలికి కారణం చెప్పకుండా పాస్‌పోర్టు తీసుకున్నారు. తగిన శాస్తి అయిందనుకున్నవాళ్ళు ఆ రోజుల్లో తప్పకుండా ఉండి ఉంటారు.

ఏడుగురు జడ్జీల ధర్మాసనం. అందులో బేగ్, చంద్రచూడ్, భగవతి గార్లు జబల్‌పూర్ కేసులో మెజారిటీలో ఉన్నవాళ్ళే. 1978 జనవరి 25న తీర్పు. భగవతి గారు రాసిన భాగం ఇప్పటికీ ప్రతి హక్కుల కేసులోనూ పైకి వస్తుంది. చట్టం ఉంటే చాలదు, ఆ చట్టం చెప్పిన పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలి, ఇష్టమొచ్చినట్టు ఉండకూడదు. 14, 19, 21 ఆర్టికల్స్ మూడూ వేరువేరు గదులు కావు, ఒకదాన్ని ముట్టుకుంటే మిగతా రెండిటికీ జవాబు చెప్పాలి. మనిషి చెప్పేది వినకుండా అతని పాస్‌పోర్టు తీసుకోకూడదు, చట్టంలో ఆ మాట రాసి లేకపోయినా ఉన్నట్టే చదవాలి. 1947లో ఫ్రాంక్‌ఫర్టర్ వద్దన్నది, 1950లో గోపాలన్‌కి దక్కనిది, ముప్ఫై ఏళ్ళ తర్వాత పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చింది.

ఒక తమాషా ఏమిటంటే, మేనకా గాంధీకి ఆ రోజు కోర్టు పాస్‌పోర్టు చేతికివ్వలేదు. మేము ఆవిడ చెప్పేది వింటాం, త్వరగా తేలుస్తాం అని అటార్నీ జనరల్ హామీ ఇచ్చారు, దాంతో కోర్టు ఆ ఉత్తర్వుని కొట్టెయ్యకుండా వదిలేసింది. సూత్రం గెలిచింది, కేసు వేసిన మనిషి మాత్రం ఎదురుచూస్తూ ఉండిపోయింది. ముందు నిర్ణయం తీసుకుని తర్వాత వినడం ఏం వినడం అని నాకనిపిస్తుంది, కానీ అదీ చట్టమే అయింది. అదే ఏడాది 44వ సవరణ చేసి, ఎమర్జెన్సీలో కూడా 21వ ఆర్టికల్‌ని అమలు కాకుండా ఆపడానికి వీల్లేదన్నారు. భగవతి గారు జబల్‌పూర్ తీర్పులో తాను చేసింది పొరపాటని చాలా ఏళ్ళ తర్వాత, 2011లో బహిరంగంగా ఒప్పుకున్నారు.

గమనించారో లేదో, ఈ కేసుల్లో పేర్లు చూడండి. విచారణలో ఉన్న వ్యాపారి, దోపిడీ అనుమానితుడు, జైల్లో ఉన్న కమ్యూనిస్టు, పదవి పోయిన ఇంటి కోడలు. మన ఇళ్ళల్లో ఎవరైనా వీళ్ళ గురించి, వీళ్ళకి హక్కులేమిటి, తప్పు చేసే ఉంటారు, అనే అంటాం. మా నాన్న కూడా అదే అంటాడు. కానీ నా పాస్‌పోర్టు ఆగినప్పుడు నాకు పనికొచ్చే వాదన వాళ్ళ కేసుల్లోంచే దొరికింది. పద్ధతిగా బతికే సాఫ్ట్‌వేర్ వాడి పేరు మీద ఒక్క కేసు కూడా దొరకలేదు.

ఇప్పుడు ఆ పాత కామెంటు సంగతి. 2015లో ఆధార్ మీద కేసు నడుస్తుండగా, ప్రైవసీ ప్రాథమిక హక్కు కానే కాదు, ఖరక్ సింగ్ తీర్పే సాక్ష్యం అని ప్రభుత్వం వాదించింది. కేసు వేసిన పెద్దాయన కె.ఎస్. పుట్టస్వామి గారు, కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి. ఈ ప్రశ్నని పెద్ద ధర్మాసనమే తేల్చాలని పంపిన ముగ్గురు జడ్జీల బెంచికి పెద్ద మన కృష్ణా జిల్లా నుంచి వచ్చిన జాస్తి చలమేశ్వర్ గారు. తర్వాత తొమ్మిదిమంది బెంచిలో కూడా ఆయన ఉండి, విడిగా తన తీర్పు రాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఒకే మాట మీద ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. ఖరక్ సింగ్ మెజారిటీ చెప్పింది తప్పు, సుబ్బారావు గారు అప్పుడు చెప్పిందే సరి అని తేల్చారు. 1962 నుంచి 2017, యాభై ఐదేళ్ళు. రిటైరైపోయి, చనిపోయి నలభై ఏళ్ళు దాటినాక ఆయన గెలిచారు. అదే తీర్పులో జబల్‌పూర్ కేసుని కొట్టేస్తూ రాసింది చంద్రచూడ్ గారు. 1976లో మెజారిటీలో ఉన్న చంద్రచూడ్ గారి అబ్బాయి. తండ్రి తీర్పుని కొడుకు కొట్టేయడం కోర్టు గుమ్మం దాటితే మన ఇళ్ళల్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సరే, కాల్స్ వచ్చినట్టున్నాయి.

మొదటి కాలర్ హ్యూస్టన్ నుంచి. పేరు చెప్పొద్దన్నారు. ఇండియాలో కోడలు కేసు పెట్టింది, అబ్బాయి పాస్‌పోర్టు పోలీసులు తీసుకుపోయారు, వాళ్ళకి ఆ అధికారం ఉందా అని అడుగుతున్నారు.

అమ్మా, కేసులో ఎవరిది తప్పో నేను మాట్లాడను. అమ్మాయి చెప్పేదీ కోర్టు వినాలి. పాస్‌పోర్టు మాట వరకు చెబుతాను. 2008లో సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. దర్యాప్తు కోసం పోలీసులు పాస్‌పోర్టుని పట్టుకోవచ్చు, కానీ తమ దగ్గరే అట్టే పెట్టుకోకూడదు. దాన్ని పాస్‌పోర్టు ఆఫీసుకి పంపాలి. ఆపాలా వద్దా అన్నది తేల్చేది పాస్‌పోర్టు అధికారి ఒక్కరే, అదీ 1967 చట్టం ప్రకారం, మీ అబ్బాయికి నోటీసు ఇచ్చి, అతను చెప్పేది విన్నాక. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే కొత్త పాస్‌పోర్టు ఇవ్వకపోవచ్చని చట్టంలో ఉంది. కానీ 1993 ఆగస్టు 25 నాటి ఒక నోటిఫికేషన్ ప్రకారం, ఆ కేసు నడుస్తున్న కోర్టు అనుమతిస్తే ఇవ్వాలి. కోర్టు ఎంతకాలమో రాయకపోతే ఒక ఏడాదికి ఇస్తారు. కాబట్టి మీ లాయరు చేత పిటిషన్ వేయించేటప్పుడు ఎన్నేళ్ళకి కావాలో అందులో స్పష్టంగా రాయించండి. పాత 498ఎ ఇప్పుడు లేదు, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. పాత కేసులు మాత్రం పాత నంబరు మీదే నడుస్తాయి. వాయిదాలకి హాజరవడం మాత్రం మానొద్దు. హాజరు కానివాడి వైపు ఏ కోర్టూ చూడదు.

రెండో కాలర్ కువైట్ నుంచి, కడప జిల్లా ఆయన. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది, అడిగితే పని మానేస్తావా అంటున్నాడు, సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తే ఇస్తాడా అంటున్నారు.

అన్నా, ఇవ్వడు. అబద్ధం చెప్పి ధైర్యం చెప్పలేను. మన సుప్రీంకోర్టు మాట మన ప్రభుత్వాన్ని కట్టేస్తుంది, కువైట్‌లో ఒక ఇంటి యజమానిని కట్టెయ్యదు. కానీ చట్టంలో ఒక మాట మీకు పనికొస్తుంది. 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఎప్పటికీ భారత ప్రభుత్వం ఆస్తి. మీదీ కాదు, యజమానిదీ కాదు. మన ప్రభుత్వం ఆస్తిని ఇంకొకడు బీరువాలో పెట్టుకున్నాడని మీరు ఎంబసీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. ఫిర్యాదు కాపీ మీద ముద్ర వేయించుకుని ఫోన్‌లో ఫొటో తీసి ఇంటికి పంపండి. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీ ఫొటోలు కూడా ఊళ్ళో ఒకరి దగ్గర ఉంచండి. గల్ఫ్‌కి వెళ్ళబోయే వాళ్ళు ఎవరైనా వింటుంటే ఈ ఫొటోలు విమానం ఎక్కకముందే తీసుకోండి.

ఆఖరి ప్రశ్న డాలస్ నుంచే. మా పిల్లలు అమెరికన్ సిటిజన్లు, ఓసీఐ కార్డుంది. ఈ హక్కులు వాళ్ళకీ ఉంటాయా?

కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. మాటాడే స్వేచ్ఛ, దేశంలో ఎక్కడైనా స్థిరపడే స్వేచ్ఛ చెప్పే 19వ ఆర్టికల్ పౌరులకే. ఓసీఐలో సిటిజన్ అన్న మాట ఉన్నా అది పౌరసత్వం కాదు. ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ చెప్పే 21వ ఆర్టికల్‌లో మాత్రం పౌరుడు అని లేదు, వ్యక్తి అని ఉంది. ఆ నేల మీద ఉన్న ఎవరికైనా వర్తిస్తుంది. 2000లో, హౌరాలో బంగ్లాదేశ్ మహిళ మీద రైల్వే వాళ్ళ భవనంలో జరిగిన అత్యాచారం కేసులో, ఆమె విదేశీయురాలైనా 21వ ఆర్టికల్ రక్షణ ఉందని, నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. మీ పిల్లలు సెలవులకి అమ్మమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళకి పనికొచ్చే ఆర్టికల్ అదే.

టైమైపోయిందని స్టూడియోలో చెయ్యి ఊపుతున్నారు. నా పాస్‌పోర్టు మళ్ళీ 2029లో రెన్యూవల్‌కి వస్తుంది. ఈసారి పాత ఇంటి అడ్రసు ముందే మార్పించుకున్నాను. ఉంటాను, నమస్కారం.